రెండేళ్ల రూలు

జనవరి 9

హిలారియోకి రెండేళ్ల రూలు మూడోసారి చెప్పాను. తల ఊపాడు. తల ఊపేవాళ్లని నేను నమ్మను. ఈ కాలేజీలో విదేశీ విజిటర్ల ఆఫీసు ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. తల ఊపినవాళ్లంతా ఆర్నెల్ల తర్వాత ఏడుపు మొహంతో నా కుర్చీ ఎదురుగా కూర్చున్నవాళ్లే.

రూల్లో బ్రహ్మవిద్య ఏమీ లేదు. సొంత ప్రభుత్వం డబ్బు పెట్టి పంపితే ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా మీద వచ్చిన మనిషి, పని అయ్యాక మూటాముల్లె సర్దుకుని స్వదేశం వెళ్లాలి. అక్కడ రెండేళ్లు ఉండాలి. అవి పూర్తయ్యేదాకా అమెరికాలో ఉద్యోగం వీసా అడగకూడదు, గ్రీన్ కార్డు అడగకూడదు. ఇక్కడ నేర్చుకున్నది ఇంటికి పట్టుకెళ్లి పదిమందికీ పంచాలని దాని వెనక పెద్ద ఆశయం. ఆ ఆశయం రాసినవాళ్లు మనుషుల్ని దగ్గర్నుంచి చూసి ఉండరు.

అమెరికా పౌరురాలిని పెళ్లి చేసుకున్నా మాఫీ లేదని కూడా చెప్పాను. ఆయన అడగలేదు. నేను అందరికీ చెప్తాను, అలవాటు.

పెరూ నుంచి వచ్చాడు. బంగాళాదుంపల శాస్త్రవేత్త. వయసు యాభై ఒకటి, భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు పెద్దవాళ్లు. ఇవన్నీ ఫైల్లో ఉంటాయి. పనిగట్టుకుని చూసిందేమీ లేదు.

జనవరి 18

మంచు. కాలేజీ తెరిచే ఉంది గానీ బుద్ధున్నవాడెవడూ రాలేదు. హిలారియో వచ్చాడు, నేనూ వెళ్లాను.

జనవరి 27

ఎక్స్ఛేంజ్ అంటే చదువొక్కటే కాదు, స్థానిక సంస్కృతి కూడా చూపించాలని నిబంధన. మిషిగన్‌లో మా ఉత్తరపు కొసన సంస్కృతి అంటే మూడే: మంచు ఎత్తిపోయడం, సౌనా అనే ఆవిరిగదిలో ఉడకడం, మాంసం కూరిన పేస్టీలు తినడం. అందుకని శనివారం ఆయన్ని మా ఇంటికి పిలిచి పేస్టీలు చేయించాను. నిబంధన కాబట్టి.

పిండి నేను ఒత్తాను. లోపల కూరడానికి మాంసం, ఉల్లి, దుంపలు ఆయన తరిగాడు. మా బంగాళాదుంపని చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఇదొక్కటే రకమా?" అన్నాడు. తెల్లగా గుండ్రంగా ఉంది, ఇంకేం కావాలన్నాను. ఆ మాటకి ఆయన మొహం చూడాలి. మా చర్చిలో పాస్టర్ ముందు బూతు మాట్లాడితే కూడా అలా చూడడు.

వాళ్ల కొండల మీద వేల రకాలట. ఒకదాని పేరు 'కోడల్ని ఏడిపించేది'. ఒళ్లంతా బుడిపెలు. కొత్త కోడలి చేతికి అదిచ్చి చెక్కు తీయమంటారట, దుంప వృథా చేయకుండా తీస్తే ఆ పిల్ల పనికొచ్చినట్టు. మా అత్తగారికి ఆ దుంప దొరికి ఉంటే నా విడాకులు పదేళ్లు ముందే అయిపోయేవన్నాను. కత్తి కింద పెట్టి మరీ నవ్వాడు.

మూడు పేస్టీలు తిన్నాడు. 'సాంస్కృతిక కార్యక్రమం జరిగింది' అని సోమవారం ఫైల్లో ఎక్కించాలి.

ఫిబ్రవరి 3

సౌనా. ఇదీ నిబంధనే. డార్లీన్‌ని కూడా పిలిచాను, ఎవరూ వేలెత్తి చూపకుండా. డార్లీన్ జీతాల విభాగం, నా పక్క గది. నోరు మాత్రం ఊరంతా ఉంటుంది.

హిలారియో ఆవిరిలోంచి బయటికొచ్చి మంచులో దూకి, వాళ్ల భాషలో ఏదో అరిచాడు. ఆయన బట్టలు మార్చుకోడానికి వెళ్లగానే డార్లీన్ అందుకుంది.

"కిందటేడు ఆ కెన్యా ప్రొఫెసర్‌కి ఎన్నిసార్లు చూపించావే సంస్కృతి?"

ఒకసారి అన్నాను. ఆయనకి తీరిక ఉండేది కాదని కూడా చెప్పాను.

"పాపం," అంది డార్లీన్, తువ్వాలు దులుపుకుంటూ.

ఫిబ్రవరి 4

కెన్యా ప్రొఫెసర్‌కి నిజంగానే తీరిక ఉండేది కాదు.

ఫిబ్రవరి 22

సుపీరియర్ సరస్సు గట్టు మీద మంచుగుహలు కట్టాయని తెలిసి ఆయన్ని కారులో తీసుకెళ్లాను. గాలికి తలుపు తెరుచుకోవడమే కష్టమైంది. దిగలేదు. అద్దంలోంచే చూస్తూ కూర్చున్నాం.

వాళ్ల ఊరు కూడా పెద్ద సరస్సు ఒడ్డునేనట, టిటికాకా. అక్కడ ప్రభుత్వ విత్తనాల కేంద్రంలో పనిచేస్తాడు. పాత రకాల దుంపలన్నీ పోకుండా కాపాడేది ఆ కేంద్రమే. దాని డైరెక్టర్ మేడమ్ ఈ ఏడే దిగిపోతోందట, ఆ కుర్చీ ఈయనకే ఇస్తారట. రేపు వాన పడుతుంది అన్నట్టు చెప్పాడు. ఆశ చచ్చిపోయిన మనిషి గొంతు అది. నాకు తెలుసు, ఇరవై ఏళ్లుగా వింటున్నాను. అక్కడి జీతాలెంతో, గదులు ఎంత చల్లగా ఉంటాయో నేను ఊహించుకోగలను.

ఉన్నట్టుండి, "ఇక్కణ్ణించి కదలాలని లేదు," అన్నాడు.

నా గుండె గతుక్కుమంది. ఉద్యోగధర్మంగా.

ఫిబ్రవరి 25

రూలుకి మినహాయింపులున్నాయి. ఈ ఆఫీసులో ఆ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ మనిషి ఇక్కడే ఉండిపోతే మాకు అభ్యంతరం లేదు అని స్వదేశం వాళ్లు ఎంబసీ ద్వారా రాసిస్తే రెండేళ్ల రూలు ఎత్తేసే దారి ఒకటుంది. మనిషి అడగాలి, ఎంబసీ కనుక్కోవాలి, అంతే.

పాపం అడగడానికి మొహమాటపడుతున్నాడు. మొహమాటస్తుడు.

మార్చి 3

ఈ రోజు వసంతం టర్మ్ కాగితాలన్నీ ఆయన చేత సంతకం పెట్టించాను. ఇన్సూరెన్సు, ఇంటి చిరునామా, పన్ను కాగితం. వాటితోపాటు ఎంబసీకి పంపే అభ్యర్థన కూడా పెట్టాను. ఇదేమిటని అడిగాడు. ముందుజాగ్రత్త, అందరూ పెడతారన్నాను. ఎక్కడ పెట్టాలని అడిగాడు. వేలితో చూపించాను. పెట్టాడు.

అందరూ పెట్టరు. చాలామంది పెడతారు. కొంతమంది.

మార్చి 4

ఒక మనిషికి మేలు చేయడానికి అతని చేత సంతకం పెట్టిస్తే తప్పేముంది. డాక్టర్లు రోజూ చేస్తారు.

మార్చి 19

ఎంబసీకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఎంత మర్యాదగా మాట్లాడిందంటే నాకు అనుమానం రావలసింది. మంత్రిత్వ శాఖకి రాశాం, వాళ్లు కింద సంస్థని కనుక్కుంటారు అంది. చాలా సంతోషమన్నాను. 'కింద సంస్థ' అంటే ఏమిటో ఆలోచించలేదు.

ఆదివారం హిలారియో వచ్చి మా పెరట్లో మంచు ఎత్తిపోశాడు. సంస్కృతి. నేను కిటికీలోంచి పర్యవేక్షించాను.

ఏప్రిల్ 6

కొంప మునిగింది.

పొద్దున కోటు కూడా విప్పకుండా నా గదిలోకి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ నేను కూర్చోమంటే కూర్చునే మనిషి.

"వెర్నా గారూ, నేను ఎక్కడికి వెళ్తున్నాను?"

మే నెలాఖరుకి ఇంటికి కదా, ఏమైందని అడిగాను.

"మా డైరెక్టర్ మేడమ్ ఫోన్ చేసింది. అమెరికాలో నా కొత్త జీవితం బాగుండాలని దీవించింది. నా కుర్చీకి ఇంకొకర్ని చూస్తోందట."

అప్పుడు అర్థమైంది 'కింద సంస్థ' అంటే ఎవరో. ఎంబసీ మంత్రిత్వ శాఖని అడిగింది, మంత్రిత్వ శాఖ నేరుగా ఆ విత్తనాల కేంద్రాన్నే అడిగింది: మీ మనిషి తిరిగి రాకపోతే మీకేమైనా అభ్యంతరమా అని. ఆ ప్రశ్న చదివిన ఏ డైరెక్టరైనా ఏమనుకుంటుంది? మా వాడు చెక్కేస్తున్నాడు అనుకుంటుంది. ఇరవై ఏళ్లుగా ఈ రూళ్లు నమిలి మింగుతున్న నేను ఈ ఒక్క సంగతి ఆలోచించలేదు. నా మొహానికి ఇంకా ఆఫీసొకటి.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది.

"మీరు సంతకం పెట్టమన్నారు, పెట్టాను. వచ్చిన రోజు నుంచీ మీరు పెట్టమన్న ప్రతిచోటా పెట్టాను."

"కదలాలని లేదని మీరే అన్నారు కదా, సరస్సు దగ్గర."

"మీ కారు సీటు కింద వేడి పెట్టారు. బయట ఆ గాలి. ఎవరికి కదలాలనుంటుంది?"

ఇక్కడికొచ్చిన ప్రతివాడూ ఉండిపోవాలనే కోరుకుంటాడని అన్నాను. నా నోటితోనే ఆ మాట వినడం అదే మొదటిసారి. ఎంత వెధవ మాటో.

"నన్ను అడిగారా?" అన్నాడు.

లేదన్నాను. వెళ్లిపోయాడు. తలుపు కూడా మెల్లగానే వేశాడు.

ఏప్రిల్ 7

జలుబు. ఆఫీసుకి వెళ్లలేదు.

జలుబు లేదు.

ఏప్రిల్ 8

డార్లీన్ పేస్టీలు పట్టుకుని ఇంటికొచ్చింది. జరిగిందంతా చెప్పాను. ఈ ఊళ్లో ఒక మనిషి చెవిన పడితే అందరి చెవినా పడ్డట్టే, అయినా చెప్పాను. ఆయన మేలు కోరే చేశానని కూడా చెప్పాను.

"నీ మేలు కోరి చేశావు," అంది, నోట్లో ముద్ద పెట్టుకునే. "ఆయన్ని ఉండమని ఒక్క మాట అడగలేక ఒక దేశం ప్రభుత్వాన్ని అడిగావు."

డార్లీన్‌కి వీసాల గురించి ఏమీ తెలియదు.

రాత్రి భోంచేయలేదు. ఆయన ఉండాలని నాకుంది. ఇదిగో, రాశాను. ఇప్పుడేం చేసుకోను దాన్ని?

ఏప్రిల్ 9

ముందు ఆయన కుర్చీ ఆయనకి రావాలి. మిగతావి తర్వాత. పొద్దున ఆయన గదికి వెళ్లి తప్పు నాదేనని చెప్పి, ఆయన పేరు మీదే అభ్యర్థన వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం రాసి ఎంబసీకి పంపాను. ఈసారి ప్రతి వాక్యం చదివించాకే సంతకం పెట్టమన్నాను. రెండుసార్లు చదివాడు. నా ఎదురుగానే. అది నాకు తగిన శాస్తే.

డైరెక్టర్‌కి ఉత్తరం రాస్తానన్నాను. కాగితాల మీద ఇక ఆవిడకి నమ్మకం లేదు, మనిషి నోటితో వినాలంటోంది అన్నాడు.

ఏప్రిల్ 10

వీడియో కాల్. డైరెక్టర్ పేరు నెల్లీ. జడ ముందుకి వేసుకుని, చేతులు కట్టుకుని, మా హైస్కూలు హెడ్‌మాస్టర్‌లా కూర్చుంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ రాదు. మా స్పానిష్ టీచర్ సెలవులో ఉంది. దాంతో నా తప్పు నేను ఒప్పుకుంటూంటే దాన్ని తర్జుమా చేయాల్సిన ఖర్మ కూడా హిలారియోకే పట్టింది.

రెండేళ్ల రూలు చెప్పాను. ఇన్నాళ్లూ తిట్టుకున్న రూలుని ఈ రోజు దేవుడి వాక్యంలా చెప్పాను. ఆయన ఇక్కడ ఉండిపోవాలన్నా మా చట్టం ఉండనివ్వదు మేడమ్, రెండేళ్లు మీ దగ్గరే ఉండి తీరాలి, ఇంతకంటే గట్టి హామీ ప్రపంచంలో ఏ ఉద్యోగీ ఇవ్వలేడు అన్నాను. ఆవిడ తల ఊపలేదు. వెంటనే గౌరవం కలిగింది.

ఆవిడ ఏదో అడిగింది. హిలారియో కాసేపు టేబుల్ వైపు చూసి తర్జుమా చేశాడు.

"మరి ఉండనివ్వమని ఎవరు అడిగారు అంటోంది."

"నేను. ఆయనకి తెలియదు."

"ఎందుకని అడుగుతోంది."

మంచి శాస్త్రవేత్త కాబట్టి అన్నాను. చిన్న వాక్యం. హిలారియో దాన్ని స్పానిష్‌లో చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. మధ్యలో ఒకసారి నా వైపు చూశాడు. ఆవిడ చేతులు విప్పేసి, వెనక్కి వాలి, పగలబడి నవ్వింది. ఏం చెప్పారని అడిగితే మీరు చెప్పిందే అన్నాడు.

కుర్చీ ఆయనదే. కాకపోతే ఒక షరతు. అక్కడ ఇప్పుడు దుంపలు తవ్వే రోజులు, కోత అయ్యేలోగా వచ్చి నలుగురికీ కనపడాలి, అప్పుడే ఊళ్లో పుకారు ఆగుతుంది. మే దాకా ఆగడానికి వీల్లేదు.

చాలా మంచి వార్త. చాలా.

ఏప్రిల్ 12

ముందే వెళ్తే ఆయన రికార్డు నేను ముందే మూసేయాలి. పరిశోధకుడిగా వచ్చిన మనిషి రికార్డు ఒకసారి మూశామంటే అదే హోదాలో మళ్లీ రావడానికి ఇంకో రెండేళ్లు ఆగాలి. అది వేరే రెండేళ్ల రూలు. మొదటిదానికి చెల్లెలు. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ కలిసి ఒకే మనిషి మీద పడ్డారు.

ఇదంతా ఆయనకి చెప్పాను, మూసుకుపోయే దారులన్నీ ఒక్కొక్కటిగా. ఈసారి ఏం చేద్దామంటారని అడిగాను. వెళ్తానన్నాడు. వెంటనే అన్నాడు. నాకు నొప్పి పుట్టేంత వెంటనే.

ఏప్రిల్ 24

మా విమానాశ్రయం ఎంతుందంటే, లోపలికి అడుగుపెట్టి తుమ్మితే పైలట్ దీవిస్తాడు. హిలారియో పెట్టె తూచారు. మా తెల్ల దుంపలు రెండు పెట్టుకున్నాడు, వాళ్లకి చూపించి నవ్వించడానికట. సర్టిఫికెట్ లేకుండా మొక్కలూ విత్తనాలూ సరిహద్దు దాటించకూడదని తీయించాను. ఇప్పుడవి నా కోటు జేబులో ఉన్నాయి.

భద్రతా తనిఖీ ముందర ఆగాడు.

"వెర్నా గారూ, ఆ రోజు సరస్సు దగ్గర నన్నే అడిగి ఉంటే సరిపోయేది కదా. ఎందుకడగలేదు?"

లైనులో మనుషులున్నారు, పాస్‌పోర్టు చేతిలో పట్టుకోండి అన్నాను.

లైనులో ఎవరూ లేరు.

ఏప్రిల్ 25

కంప్యూటర్లో ఆయన పేరు తెరిచాను. 'ప్రోగ్రాం ముగిసింది' అన్న గడి నొక్కాలి. నిజంగానా అని అది ఒకసారి అడిగింది. అవునన్నాను. మళ్లీ అడిగింది. ఈ యంత్రానికున్న బుద్ధి నాకు మార్చిలో ఉండి ఉంటే బాగుండేది.

నొక్కాను. గది తలుపు వేసుకుని ఏడ్చాను. డార్లీన్ గోడ అవతల్నుంచి రేడియో పెద్దది చేసింది, ఇవతలి చప్పుడు ఎవరికీ వినపడకుండా. అప్పుడప్పుడు మనిషే.

మే 11

లాత్వియా నుంచి కొత్త విజిటర్ వచ్చాడు. వడ్రంగం పరిశోధన, ఒత్తుగా గడ్డం, మర్యాదస్తుడు. రెండేళ్ల రూలు వివరంగా చెప్పాను. పెళ్లి చేసుకున్నా మాఫీ లేదన్న సంగతి చెప్పలేదు. ఆయన అడగలేదు కదా.

మే 12

అంటే అందరికీ చెప్పనన్నమాట.

మే 21

ఊరికే చూద్దామని పెరూ వాళ్ల రూళ్లు తెరిచాను. ఎవరైనా అడిగితే చెప్పడానికి. అమెరికా వాళ్లు చూడ్డానికి వెళ్లాలంటే ఏం కావాలో చదివాను. వీసా అక్కర్లేదు. స్పాన్సర్ అక్కర్లేదు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. విమానం దిగి ముద్ర వేయించుకుంటే నెలల తరబడి ఉండొచ్చు.

ఎక్కడో ఒక మెలిక ఉంటుందని మొత్తం మళ్లీ చదివాను. మినహాయింపులు వెతికాను. నాకు వర్తించే నిషేధం ఒక్కటైనా ఉంటుందని వెతికాను. లేదు. ఇంత నిర్లక్ష్యంగా దేశాన్ని నడుపుతారా ఎవరైనా అని ఒళ్లు మండిపోయింది.

నా ఏడుపంతా దీనికే. ఇన్నేళ్లూ ఎవరేం చేయకూడదో చెప్పి బతికాను. అన్నిటికీ ఒక అడ్డం ఉండేది, ఆ అడ్డం వెనక నేనుండేదాన్ని. ఇప్పుడు అడ్డం పెట్టుకోడానికి నాకు ఒక్క రూలూ దొరకలేదు.

మే 22

పోస్టాఫీసులో పాస్‌పోర్టు ఫొటో తీయించుకున్నాను. ఎన్ని దేశాలవాళ్ల పాస్‌పోర్టులు తిరగేశానో లెక్కలేదు, నాకంటూ ఒకటి లేదు. ఫొటోలో దొంగలా ఉన్నాను.

జూన్ 3

మధ్యాహ్నం భోజనం మానేసి ఫోన్ చేశాను. ఆఫీసు ఫోన్ కాదు, నాది.

పొలంలో ఉన్నాడు, వెనక గాలి, ఎవరో ఆడవాళ్లు పెద్దగా మాట్లాడుకుంటున్నారు. కోత బాగుందట. కుర్చీ అందిందట, కుర్చీకి ఒక కాలు పొట్టిదట. ఇక్కడ ఎండ కాస్తోందన్నాను. కాసేపు ఎండ గురించి మాట్లాడాం. ఆ తర్వాత ఎండ గురించి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

"హిలారియో, నేను అక్కడికి రావచ్చా?"

ఆయన గొంతు సవరించుకుని, అచ్చం ఆఫీసులో నేను మాట్లాడినట్టు మాట్లాడాడు.

"వచ్చే ఉద్దేశమేమిటో చెప్పాలండి."

మీ సంస్కృతి చూడ్డానికి అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మిమ్మల్ని చూడ్డానికి."

"ఎంతకాలం ఉంటారు?" ఈసారి గొంతు ఆయనదే.

"మీరు చెప్పండి. మిమ్మల్నే అడుగుతున్నాను."

చెప్పాడు. ఏం చెప్పాడో ఇక్కడ రాయడం లేదు. మర్చిపోయే మాట కాదు.